కాకినాడ స్టీరింగు

2021 డిసెంబర్ నెల, మూడో శుక్రవారం, పొద్దున ఎనిమిది గంటల పది నిమిషాలు. రాస్ అల్ ఖైమా ఇండస్ట్రియల్ ఏరియాలో మా ఏసీ డక్టుల షెడ్డు వెనక ఖాళీ జాగాలో, మా అర్బాబ్ (అంటే యజమాని, అక్కడ అందరం అలాగే పిలుస్తాం) మేము సొంతంగా తయారు చేసిన కారు తలుపు తెరిచి లోపల కూర్చున్న సమయం అది. గడియారం చూసి మరీ చెబుతున్నాను, ఎందుకంటే ఆ తర్వాత కొంతసేపు మాలో ఎవరికీ గడియారం చూసే తెలివి మిగల్లేదు.

ఆ రోజుల్లో నేను కుర్రవాణ్ణి. నవ్వకండి. లెక్కకు యాభై ఆరేళ్లు, మోకాళ్లకు అంతకంటే ఎక్కువే. కానీ ఇరవై ఏళ్లప్పుడు చేయాల్సిన పిచ్చి పనులకు అప్పట్లో నాకు తీరిక దొరకలేదు. జగిత్యాల దిక్కు నుంచి దుబాయ్ వచ్చి (ఏ ఊళ్లో పని చేసినా మాకు అది దుబాయే) డక్టు (ఏసీ చల్లగాలి పోయే రేకు గొట్టం) రేకులు వంచుతూ ఉండగానే ఆ వయసు దాటిపోయింది. చదువూ అంతే. కరోనాకు క్యాంపు గేటు మూసి మమ్మల్ని గదుల్లో కూర్చోబెట్టినప్పుడు, పేకాటలో నా చేతిలో ఓడీ ఓడీ విసిగిపోయిన నా బామ్మర్ది (నా భార్య తమ్ముడు, నాతోనే పని) ఒకనాడు ముక్కలు విసిరికొట్టి, "బావా, గీ ఆట బంద్ చెయ్యి. అ ఆలు నేర్పుత పట్టు. గండ్లనన్న నేను గెలుస్త" అన్నాడు. నిజంగానే గెలిచాడు, నన్ను చీపురుపుల్లతో కొట్టాడు కూడా. కానీ ఎండలు ముదిరేసరికి నాకు అక్షరాలు వచ్చేశాయి. కొత్తగా చదువొచ్చినవాడికి పొగరు ఎక్కువ. ఊరి నుంచి వచ్చిన పచ్చడి డబ్బా మీది రాతలు గదిలో అందరికీ వినపడేట్టు చదివేవాణ్ణి. ఎవరూ అడగకపోయినా చదివేవాణ్ణి.

కారు ఆలోచన మాది కాదు, డ్రాయింగ్ సార్‌ది. ఆయనది కాకినాడ. ఆఫీసులో కంప్యూటర్ మీద డక్టుల బొమ్మలు గీసేవాడు, మేము వాటిని రేకులో దించేవాళ్లం. మంచి మనిషి, కాకపోతే డ్రైవింగ్ టెస్టులో ఎన్నిసార్లు ఫెయిలయ్యాడో ఆయనకే గుర్తు లేదు. (అక్కడ పిల్లనిస్తామని వచ్చేవాళ్లు దొరుకుతారేమో గానీ లైసెన్సు దొరకదు.) కారు నడపనివ్వకపోతే పోయారు, గీయకుండా ఆపలేరు కదా అనుకున్నట్టున్నాడు, డక్టుల మధ్యలో తీరిక చేసుకుని ఇద్దరు కూర్చునే చిన్న కారు ఒకటి గీసి పెట్టుకున్నాడు. 2021 మొదట్లో పని పలచబడింది. ఒక శుక్రవారం ఆ బొమ్మ అచ్చు తీసి తెచ్చి, "పెద్దాయనా, మనకున్న ముక్కలతో దీన్ని కట్టెయ్యొచ్చేమోనండీ, చూడండి" అన్నాడు. నాకోసం బొమ్మ మీద ఒక వైపు 'ముందు' అనీ, ఇంకో వైపు 'వెనక' అనీ తెలుగులో రాసి తెచ్చాడు. రెండు మాటలూ గట్టిగా చదివి వినిపించాను. ఆ ఆనందంలోనే ఒప్పుకున్నాను, కారు చూసి కాదు.

అర్బాబ్‌ను అడిగితే ఆయన గడ్డం గోక్కున్నాడు. మనుషులు ఊరికే కూర్చుంటే తగాదాలు పడతారని ఆయన నమ్మకం. కోసిన పైపు ముక్కలు, మిగిలిన రేకులు వాడుకోమన్నాడు. షార్జా పాత సామాన్ల బజారు నుంచి ఒక చిన్న కారు ముందు సగం తెప్పించి ఇచ్చాడు. జపాన్‌లో నడిచిన కారును అడ్డంగా కోసి ఓడలో పంపుతారు, ఇంజను, గేరు డబ్బా, స్టీరింగు కింది ఇనుపకడ్డీ అన్నీ దానితోనే వస్తాయి. ఇచ్చి, షరతు కూడా చెప్పాడు: "చలేగా తో మేరా మజ్రా. నై చలేగా తో స్క్రాప్. ఖలాస్." నడిస్తే తన తోటకు పట్టుకుపోతాడు, మేకలకు గడ్డి మోయడానికి. నడవకపోతే కోసి తుక్కులో వేస్తాడు. అప్పుడు మాకు అది న్యాయంగానే తోచింది. ఇంకా లేని కారు ఎక్కడికి పోతే ఏమిటి?

కానీ కట్టేకొద్దీ నాకు లోపల ఒక ముల్లు గుచ్చుకోవడం మొదలైంది. డక్టు పని ఎట్లాంటిదంటే, ఎంత బాగా చేసినా ఆ తర్వాత దాన్ని ఎవరూ చూడరు. కింద సీలింగు బిగించేస్తారు, ఇక అంతే. ఎన్ని ఆసుపత్రులు, ఎన్ని బజార్లు! నా చేతి పని అంతా జనం నెత్తి మీద చీకట్లో ఉంది, కింద వాళ్లు చల్లగా తిరుగుతుంటారు. మొదటిసారి నేను చేసినది ఎండలో నిలబడింది. పెద్ద రేకు దడదడ కొట్టుకోకుండా మూల నుంచి మూలకు అడ్డగీతలు వేసి వంచడం మా పద్ధతి. తలుపులకూ అలాగే వంచాను. బామ్మర్ది దూరం నుంచి చూసి, "గిది కారు గాదు బావా, టైర్లు పెట్టిన డక్టు" అన్నాడు. అనుకోనీ. పొద్దున షెడ్డు తెరవగానే ముందు దాని మొహం చూసి, అప్పుడు పనిలోకి దిగేవాణ్ణి.

ఏప్రిల్‌లో డ్రాయింగ్ సార్ సెలవు మీద కాకినాడ వెళ్లాడు. వెళ్లాడో లేదో కరోనాకు విమానాలు ఆగిపోయాయి. మేము అప్పటికి చట్రం అతికించి, స్టీరింగూ పెడళ్లూ ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాం. ఫోను చేస్తే ఆయన వాళ్ల బావగారి కారులో కూర్చుని వీడియోలో చూపించాడు.

"ఇదిగోనండీ పెద్దాయనా, స్టీరింగు. దాని కింద కాళ్ల దగ్గర చూడండి, మూడు పెడళ్లు. అచ్చం ఇలాగే దించెయ్యండి మరి."

"సార్, ఫోను కొంచెం కిందికి వట్టుండ్రి" అన్నాడు బామ్మర్ది. "మీ మోకాలే కనవడుతుంది."

"ఆగు బాబూ, మా బావగారు చూస్తున్నారు, సీటు మీద కాళ్లు పెట్టానని అరుస్తారు."

నేను కొలత టేపు తెమ్మన్నాను, ఆయన అక్కడ కొలిచి చెప్పాడు, మేము ఇక్కడ అతికించాం. జపాన్ ముక్కలో కడ్డీ కూడా సరిగ్గా అదే పక్కకు ఉండటంతో అంతా చేతికి తొడుగులా కూర్చుంది. పని ఇంత సాఫీగా సాగితే ఎక్కడో ఏదో అడ్డం తిరుగుతుందని నాకు అనుమానం రావాలి. రాలేదు. ఆగస్టు ఎండలో, పొద్దున్నే మొదలుపెట్టి వేడెక్కే లోపు ఆపేసేవాళ్లం. జింకు పొగ పీల్చినందుకు తలా ఒక గ్లాసు పాలు తాగేవాళ్లం. (పాలు పొగను విరుస్తాయని మా వెల్డర్ల నమ్మకం. డాక్టర్లు కాదంటారు. పాలు బాగుంటాయి, అందుకే వాదించం.)

విమానాలు మళ్లీ మొదలయ్యాక సార్ తిరిగొచ్చాడు. కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, లోపల కూర్చుని, స్టీరింగు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "అచ్చం మా బావగారి కారులో కూర్చున్నట్టే ఉందండీ పెద్దాయనా" అన్నాడు. అప్పుడైనా ఒకడికి వెలగాలి. బామ్మర్ది ఊళ్లో ట్రాక్టరు నడిపినవాడు, దాన్ని జాగాలో ముందుకూ వెనక్కూ తిప్పి చూపించాడు. నడిచింది. చక్కగా నడిచింది. అదే నా బాధ.

ఆ శుక్రవారం పొద్దున అర్బాబ్ వచ్చే ముందు బామ్మర్ది నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"బావా, ప్లగ్గు వైరు పీకుదామా?"

"పీకితే నడ్వది. నడ్వకపోతే కోస్తడు."

"మరి ఉంచితే మేకలకు పోతది గదా!"

"పోతది."

"ఏంది బావా గిది? ఎటు జేసినా మనది గాకపాయె."

వైరు ముట్టుకోవద్దన్నాను. మన చేత్తో చేసినది మేకల దగ్గరైనా సరే బతికి ఉండాలి.

అర్బాబ్ తన పెద్ద తెల్ల బండి దిగి, కందూరా (వాళ్లు తొడిగే పొడుగు తెల్ల అంగీ) అంచు దుమ్ము తగలకుండా ఎత్తి పట్టుకుని వచ్చాడు. కారును చూశాడు. తలుపు మీది అడ్డగీతలు వేలితో తట్టాడు. ముప్పై ఏళ్లుగా బండ్లు నడుపుతున్న మనిషి అలవాటు కొద్దీ ఎడమ తలుపు తీశాడు, దర్జాగా కూర్చున్నాడు, తలుపు వేసుకున్నాడు, రెండు చేతులూ ముందుకు చాచాడు. చేతులు గాలిలో ఉండిపోయాయి. అక్కడ నేను నున్నగా తోమిన రేకు తప్ప ఏమీ లేదు.

ఆయన కాళ్ల కింద వెతికాడు. పైన చూశాడు. తర్వాత నిదానంగా కుడి వైపు తిరిగాడు. స్టీరింగు అక్కడ ఉంది, కాకినాడలో ఉన్నట్టే.

"వేన్ సుక్కాన్?" అన్నాడు మెల్లగా. అంటే స్టీరింగు ఏదని.

ఆ దేశంలో బండ్లన్నిటికీ స్టీరింగు ఎడమ వైపు ఉంటుంది. మాకు తెలియదా? తెలుసు. రోజూ వేల బండ్లు చూస్తాం. కానీ మేము ఎక్కేది కంపెనీ బస్సు, కూర్చునేది వెనక సీట్లో, పడుకునేది ఎక్కగానే. 'కారు' అనుకోగానే మా అందరి బుర్రల్లో కదిలేది మన ఊరి కారు. డ్రాయింగ్ సార్ తన బొమ్మ విప్పి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన బొమ్మ మీద ముందు, వెనక అని రాశాడు. కుడి, ఎడమ అని రాయలేదు. రాసి ఉంటే చదివేవాణ్ణే.

నీళ్ల ట్యాంకర్ నడిపే పఠాన్ లాలా (మా అందరిలో లైసెన్సున్నవాడు ఆయనొక్కడే) గోడకు ఆనుకుని తాపీగా చాయ్ తాగుతున్నాడు. "లాలా, నువ్వు రోజూ చూస్తనే ఉన్నవు గదా, తుమ్ క్యూ నై బోలా?" అని బామ్మర్ది ఆయన మీద విరుచుకుపడ్డాడు. "హమ్ సమ్ఝా ఇండియా భేజేగా" అన్నాడు లాలా. ఇండియాకు పంపుతామని అనుకున్నాడట.

అర్బాబ్‌కు పౌరుషం వచ్చింది. జరిగి కుడి సీట్లోకి చేరి, తానే బండి తీశాడు. గేరు కోసం కుడి చెయ్యి వేస్తే తలుపు తెరుచుకుంది. మూసి, ఎడమ చేత్తో వేశాడు. బండి కదిలింది. ఆయన కళ్లకు దారి సరిగ్గానే ఉంది, కానీ బండి మొత్తం తన ఎడమ పక్కన మిగిలి ఉందన్న సంగతి ఆయన ఒంటికి తెలియదు. శనివారం పంపాల్సిన డక్టుల వరస వైపు వెళ్లి, ఆ చివర నుంచి ఈ చివర దాకా అన్నిటినీ పడగొట్టింది. ఆ చప్పుడు మీరు విని ఉండాల్సింది. జాతరలో డప్పులన్నీ ఒకేసారి మెట్ల మీద నుంచి దొర్లినట్టు.

ఆయన దిగాడు. వంగిపోయిన డక్టులను చూశాడు. కారును చూశాడు, దానికి గీత కూడా పడలేదు. నా గుండె కట్టర్ చప్పుడు కోసం ఎదురుచూస్తోంది.

"మేరా డక్ట్ ఖరాబ్. తుమ్హారా గాడీ ఠీక్" అన్నాడు.

తుమ్హారా. మీది. పొరపాటున అన్నాడేమో అనుకున్నాను. ఆయన మళ్లీ అన్నాడు, "మజ్రా మే నై చాయియే. ఉదర్ సబ్ బక్రీ మర్ జాయేగా. తుమ్హారా గాడీ. ఖలాస్." తన తోటలో ఎవడు నడిపినా మేకలు చస్తాయట. ఇట్లాంటి బండిని ఆ దేశంలో ఎవడూ కొనడు, ఎవడూ అడగడు. మేము జాగ్రత్తగా చేసిన పనులన్నీ కలిసి పోగొట్టబోయినదాన్ని, మేము చేసిన ఒక్క తప్పు మాకు దక్కించింది.

అప్పుడు అర్బాబ్ వెళ్లి మళ్లీ ఎడమ సీట్లోనే కూర్చున్నాడు. "యల్లా, తుమ్ చలావ్" అన్నాడు నన్ను చూసి, పద నువ్వు నడుపు అని. నేను అంతకు ముందు బామ్మర్ది పక్కన కూర్చుని నేర్చుకున్నది మొదటి గేరు వరకే. ఆ గేరులోనే జాగా చుట్టూ తిప్పాను. మూల తిరిగాక డాష్‌బోర్డు అంతా చేత్తో తడిమి అడిగాడు, "డక్ట్ వాలా గాడీ మే ఏసీ నై?"

నిజమే. పెట్టలేదు. ఎవరికీ తట్టలేదు.

ఇప్పుడు నేను ఊరికి వచ్చేశాను. శుక్రవారాలు బామ్మర్ది ఆ కారు వీడియో పంపుతుంటాడు. ఒకసారి అందులో, మొదటి గేరులో పోతూ, స్టీరింగును రెండు చేతులా వాటేసుకుని, ఎవరో దొంగిలిస్తారన్నట్టు చుట్టూ చూస్తున్న ముసలాయన కనిపించాడు. పాత వీడియో. వాడు ఆ రోజు పక్క నుంచి తీసిందట. రెండుసార్లు చూసి గానీ ఆయన నేనేనని గుర్తుపట్టలేదు. పాపం, అంత గట్టిగా పట్టుకోనక్కర్లేదు, ఎవడూ తీసుకోడు అని చెప్పాలనిపించింది.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లం: అర్బాబ్, డ్రాయింగ్ సార్, నా బామ్మర్ది, పఠాన్ లాలా, నేను. గేటు దగ్గర మా నేపాలీ వాచ్‌మన్ కూడా ఉన్నాడు. డక్టులు పడినా లేవలేదు. నిద్రలో ఉన్నా సరే, ఉన్నవాడు ఉన్నట్టే.