జల్లెడలో గులాబీ రంగు నూగు

మా ఇంటికి బట్టలు ఆరబెట్టే మిషను రావడానికి కారణం కూవం, మద్రాసు ఊరి మురుగంతా మోసే నది. చింతాద్రిపేటలో మా మేడ మీద నిలబడితే నది కనిపించదు గానీ, గాలి అటు తిరిగిందంటే అది ఎంత దగ్గరో ముక్కుకు తెలుస్తుంది. వానాకాలంలో మూడు రోజులు తీగ మీద వేలాడిన చీరకు ఆ వాసన పట్టేసేది. దాన్ని కట్టుకుని కాలేజీకి పోతే, పక్కన కూర్చున్నవాళ్ళు కాస్త అటు జరుగుతున్నారేమోనని నాకు అనుమానం.

అనుమానం నాకు కొత్త కాదు. ముప్పై ఏళ్ళుగా ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ చూసుకుంటున్నాను. ఏ పిల్లకైనా రీడింగు మరీ చక్కగా వచ్చిందంటే, పక్క పిల్ల నోటుబుక్కు చూసి రాసిందని ముందు అనుకుని, తర్వాత మిగతావి ఆలోచించే ఉద్యోగం నాది. మా ఆయన అందుకే అనేవారు, నీకు దేవుడు ప్రత్యక్షమైనా గుర్తింపు కార్డు అడుగుతావని.

ఇంట్లో మేం ముగ్గురం. ఆయనా నేనూ పొద్దున ఎనిమిదిన్నరకు బయటపడితే మళ్ళీ సాయంత్రమే. పగలంతా మా అత్తగారు ఒక్కరే ఉంటారు. పదిగంటలకు పనామె వస్తుంది. నది ఒడ్డున ప్రభుత్వం కట్టించిన బోర్డు ఇళ్ళలో ఉంటుంది, మా ఇంట్లో పదకొండేళ్ళుగా చేస్తోంది. గిన్నెలు తోమి, ఇల్లు తుడిచి, వాషింగ్ మిషన్లోంచి తడి బట్టలు తీసి బుట్టలో వేసి, ముందు రోజు ఆరినవి మడత పెట్టి పన్నెండుకు పోతుంది. ఆరబెట్టే మిషను మాత్రం నాది. సాయంత్రం నేను వచ్చాకే వేస్తాను. దాని తలుపు దగ్గర అరచేతి వెడల్పున ఒక జల్లెడ ఉంటుంది. బట్టల్లోంచి రాలే నూగంతా అందులో చేరుతుంది. వేసిన ప్రతిసారీ దాన్ని బయటికి లాగి నూగు తీసేయాలి. మిషను వెనక నుంచి ఒక మడతల గొట్టం గోడ కన్నంలోంచి బయటికి పోతుంది, వేడిగాలి వెళ్ళడానికి. వాడకం పుస్తకమంతా చదివింది ఇంట్లో నేనొక్కదాన్నే.

ఆ ఏడు వాన పట్టిన రెండో వారంలో అనుకుంటాను, సాయంత్రం బట్టలు వేయబోతూ జల్లెడ లాగాను. నిన్న శుభ్రం చేసిన జల్లెడలో దళసరిగా నూగు ఉంది. గులాబీ రంగు నూగు.

మా ఇంట్లో గులాబీ రంగు బట్ట లేదు. అత్తగారివి తెల్లవీ, ముదురు నీలాలూ. ఆయనవి తెల్ల చొక్కాలు. నావన్నీ ఆకుపచ్చలు, గోధుమరంగులు. బీరువా తీసి చూశాను, దుప్పట్లు చూశాను, గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా కూడా చూశాను. లేదు. అంటే మేం లేనప్పుడు ఎవరో తమ బట్టలు మా మిషన్లో ఆరబెట్టుకున్నారు.

ఆ ఎవరో ఎవరన్నది ఆలోచించడానికి నాకు నిమిషం పట్టలేదు. పగలు ఇంటికొచ్చే మనిషి ఒక్కతే. ఆమెకు ఈడొచ్చిన కూతుళ్ళిద్దరు. బోర్డు ఇంట్లో బట్టలు ఆరేసే చోటు మెట్ల కమ్మీ ఒక్కటే. నేను ఆ నూగును ఒక కవర్లో పెట్టి, పైన తారీఖు వేసి, బీరువా అరలో దాచాను. ఆయన చూసి నవ్వారు. వాన రోజుల్లో రెండు గుడ్డలు వేసుకుంటే ఏం పోయిందన్నారు. వేసుకోవడం గురించి కాదు, అడగకుండా వేసుకోవడం గురించి అన్నాను. రెండు రోజుల తర్వాత పసుపుపచ్చ నూగు వచ్చింది. దానికి ఇంకో కవరు.

అత్తగారికి ఆ కవర్లు చూపించాను. పగలు ఇంట్లో ఉండేది ఆమే కదా. ఆమె ముట్టుకోకుండానే తల అటు తిప్పుకుని, "నాకేం తెలుస్తాదిమ్మే, కండ్లు ఆనవు నాకు," అన్నారు. ఆ మాట నమ్మాను.

పనామెను నేరుగా అడగలేదు. అడిగితే కాదంటుంది, కాదంటే నా దగ్గర సాక్ష్యం రెండు కవర్ల నూగు. అందుకని పక్కదారిన పోయాను. ఈ వానకు మీ పిల్లల బట్టలు ఎట్లా ఆరుతున్నాయని అడిగాను. ఫ్యాను కింద వేస్తున్నామంది. పెద్దదానికి కొత్త చుడీదార్ ఏ రంగు కొన్నావని అడిగాను. నీలం అంది. చేతిలో పని ఆపి నా వైపు ఒక్క క్షణం చూసి, మళ్ళీ గిన్నె తోముకుంది.

ఆ మర్నాటి నుంచి జల్లెడలో రంగు నూగు రావడం ఆగిపోయింది. నాకు గెలిచినట్టే అనిపించింది. అయినా వదల్లేదు. మిషను మీద తిప్పే గుండ్రటి మీట ఉంటుంది. కాలేజీకి పోయే ముందు దాని అంచు మీదా, పక్కన పలక మీదా కలిసేలా పెన్సిలుతో సన్నటి గీత గీశాను. సాయంత్రం వచ్చి చూస్తే రెండు గీతలూ కలవడం లేదు. మరుసటి రోజూ అంతే. మిషను నడుస్తోంది, నూగు మాత్రం రావడం లేదు. నూగు రాల్చని బట్ట ఉంటుందా? ఆ లెక్క నాకు తేలలేదు. తేలకపోయేకొద్దీ పనామె నాకంటే తెలివైనదన్న కోపం పెరిగింది.

అప్పుడే మిషను మొరాయించడం మొదలుపెట్టింది. గంటలో ఆరే బట్టలకు రెండు గంటలు పట్టింది. ఆ తర్వాత డ్రమ్ము తిరుగుతోంది గానీ గాలి చల్లగా వస్తోంది. శనివారం మెకానిక్కును పిలిపించాను. అతను వెనక మూత విప్పి, తల అడ్డంగా ఊపి, వేడి పుట్టించే కాయిల్ కాలిపోయింది, కొత్తది వేయాలని తమిళంలో చెప్పాడు. పాతదాన్ని అతను సంచిలో వేసుకోబోతుంటే ఆగమని, ల్యాబ్ నుంచి తెచ్చుకున్న మల్టీమీటర్ పెట్టాను. కాయిల్ నిక్షేపంగా ఉంది. అతని ముఖం చిన్నబోయింది. ఇంకాసేపు వెతికి, వేడి మితిమీరితే కరెంటు తెంపేసే చిన్న స్విచ్ పోయిందని తేల్చి, అది మార్చాడు. పోతూ పోతూ, మళ్ళీ ఇట్లా కాకుండా ఉండాలంటే గొట్టంలో గాలి ఆడుతోందో లేదో చూసుకోండి, బట్టలు ఎక్కువ కుక్కకండి అన్నాడు.

అతను చెప్పింది రెండు మాటలు. నా చెవికి ఎక్కింది రెండోదే.

పనామె అప్పుడు వంటింట్లో ఉంది. ఆమెకు వినబడేలా నేను అత్తగారితో అన్నాను, ఒక ఇంటికని కొన్న మిషన్లో ఊళ్ళోవాళ్ళ గుడ్డలు కుక్కితే అది ఎన్నాళ్ళు బతుకుతుందని. లోపల కుళాయి చప్పుడు ఆగిపోయింది. పనామె మిగిలిన గిన్నెలు తోమి, తుడిచి, బోర్లించి, పైట కొంగుకు చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. వెళ్ళొస్తానని రోజూ చెప్పేది, ఆ రోజు చెప్పలేదు. మర్నాడు ఆదివారం. ఆదివారాలూ వచ్చే మనిషి రాలేదు. దొరికిపోయింది కాబట్టే రాలేదనుకున్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం బట్టలు వేసిన పావుగంటకు మాడిన వాసన వచ్చింది. పరుగెత్తి స్విచ్ ఆపి, ప్లగ్గు పీకాను. మిషను వెనక భాగం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. ఆయన పడుకుని ఉంటే లేపాను. ఇద్దరం కలిసి దాన్ని గోడ నుంచి ముందుకు లాగాం. చల్లబడ్డాక గొట్టం బిగింపు విప్పి కిందికి వంచాను.

లోపలి నుంచి నూగు ఉండలు ఉండలుగా పడింది. చెయ్యి పెట్టి లాగేకొద్దీ వచ్చింది, తడిసి బిగుసుకున్న దూది పరుపులాగా. మిషను వైపు కొసన కొంత గోధుమరంగులోకి మాడింది. మిగతాదంతా గులాబీ, పసుపుపచ్చ, లేత నీలం. ఇంకో పది నిమిషాలు ఆలస్యమయి ఉంటే గొట్టమంతా అంటుకునేది.

జల్లెడలో పట్టాల్సిన నూగు గొట్టంలోకి ఎట్లా పోయింది? జల్లెడ చిరిగిందేమోనని వెలుతురుకు పట్టి చూశాను. ఎక్కడా కన్నం లేదు.

అత్తగారు వరండా గడప మీద వచ్చి కూర్చున్నారు. నేను ఒక ఉండ ఆమె చేతిలో పెట్టి, చూడండి, మనిల్లు తగలబడిపోయేది అన్నాను. ఆమె బొటనవేలూ చూపుడువేలూ ఆ ఉండను మెల్లగా నలపడం మొదలుపెట్టాయి.

మా అత్తగారు నేతవాళ్ళ బిడ్డ. పుట్టిందీ పెరిగిందీ ఈ చింతాద్రిపేటలోనే, మగ్గం పక్కన. సౌకార్‌పేటలో చీరలు కొనడానికి పోతే, అంచు రెండు వేళ్ళ మధ్య నలిపి నూలెంతో కలుపెంతో చెప్పేస్తారు. అప్పుడామె కళ్ళు చీర వైపు కూడా ఉండవు, బజారు వైపు ఉంటాయి. బట్ట సంగతి తెలుసుకోవడానికి ఆమెకు ఎన్నడూ కళ్ళతో పని పడలేదు. మరి ఆ రోజు కవర్లు చూపిస్తే కళ్ళు ఆనవని ఎందుకన్నారు? అసలు ముట్టుకోనైనా ఎందుకు ముట్టుకోలేదు?

నేను ఆ వేళ్ళనే చూస్తున్నానని ఆమె గమనించారు. వేళ్ళు ఆగిపోయాయి.

"ఏం గుడ్డ అత్తా అది?" అన్నాను.

"మెత్తటి నూలు. పసిబిడ్డలకు చుట్టేది," అన్నారు. "కింద ఇంటి పిల్లకి బిడ్డ పుట్టింది కదా."

కింద వాటాలో అద్దెకున్నవాళ్ళతో మాకు మాటల్లేవు. నీళ్ళ మోటారు ఎవరు ఎప్పుడు వేయాలన్న దగ్గర మొదలై, నేనూ ఆ అమ్మాయి అత్తగారూ మెట్ల మీద నిలబడి అనుకోకూడని మాటలు అనుకున్నాం. అది జరిగి ఆరు నెలలు. ఆ పిల్ల పురిటి నుంచి వచ్చిందని తెలుసు, రాత్రింబగళ్ళు బిడ్డ ఏడుపూ వినబడుతుంది. నేను దిగి చూసింది లేదు.

అత్తగారు చెప్పుకుంటూ పోయారు. వానకు ఆ బిడ్డ గుడ్డలు ఒక్కటీ ఆరలేదట. పచ్చి గుడ్డలు చుట్టి చుట్టి బిడ్డ ఒళ్ళంతా ఎర్రగా పేలిందట. ఒకరోజు ఆ తల్లి మెట్ల దగ్గర కూర్చుని ఏడుస్తుంటే ఈమె విన్నారట. పనామె చేత బకెట్టు పైకి తెప్పించుకుని తనే మిషను వేశారట. ఎట్లా వేయాలో నేను వేసేటప్పుడు చూసి నేర్చుకున్నారట.

"మరి జల్లెడ?"

"నువ్వు ఆ నూగంతా కవర్లో పెట్టి దాస్తా ఉంటివి. అందుకని ఆ జల్లెడ తీసి పక్కన పెట్టి వేసినాము. అయినాక మళ్ళీ ఆడనే పెట్టేసినాము. గొట్టంలోకి పోతాదని నాకేం తెలుసు?"

ఇంటికి నిప్పంటుకోబోయింది వాళ్ళు గుడ్డలు వేసినందుకు కాదు, నేను కవర్లు దాచినందుకు. నాతో ఒక్క మాట చెప్పి ఉంటే నేనే వేసేదాన్ని కదా అన్నాను. ఆమె నా ముఖంలోకి చూశారు. "వేసుందువా?" అన్నారు అంతే. వేసి ఉండేదాన్నో కాదో నాకే నమ్మకం లేదు.

సాయంత్రం వాన వెలిశాక బోర్డు ఇళ్ళకు నడిచి వెళ్ళాను. పదకొండేళ్ళలో అదే మొదటిసారి. రెండో అంతస్తులో ఆమె తలుపు ముందు కమ్మీ మీద బట్టలు వేలాడుతున్నాయి, అన్నీ ఇంకా తడిగానే. నన్ను చూసి ఆమె ఆశ్చర్యపోలేదు. లోపలికి పిలిచి, కుర్చీ తుడిచి వేసింది. కూతురిని టీ పెట్టమంది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, తప్పు నాదేనని చెప్పేశాను.

"కవర్లు నేను చూసినానక్కా," అంది ఆమె. "బీరువా తుడిచేది నేనే కదా. తారీఖులు కూడా వేసుండారు."

"చూసినప్పుడే చెప్పుంటే అయిపోయేది కదా?"

"పెద్దమ్మ చెప్పొద్దనింది. ఆమెకి మాటిచ్చినాను." మళ్ళీ అంది, "మీరు నన్ను అడిగుంటే కూడా చెప్పుండను. కానీ మీరు అడగనే లేదు. నా బిడ్డ చుడీదార్ రంగు అడిగినారు."

టీ తాగాను. గ్లాసు కింద పెట్టి, రేపు రమ్మని అడిగాను. చూస్తానంది. సోమవారం రాలేదు. మంగళవారం పదిగంటలకు వచ్చింది.

కింద ఇంటి గుడ్డలు ఇప్పుడు దొంగతనంగా రావు. సాయంత్రం ఆ అమ్మాయే బకెట్టు తెచ్చి గుమ్మం ముందు పెడుతుంది, నేను వేస్తాను. ఆమె అత్తగారు మాత్రం ఇంకా పలకరించదు. ఈ మంచితనం వెనక మోటారు సంగతి ఏదో ఉందని అనుకుంటోందట, పనామె చెప్పింది. ఆవిడను నేను తప్పు పట్టలేను. ఆవిడ స్థానంలో నేనున్నా అదే అనుకుందును.

వచ్చిన రోజు నుంచి పనామె ఒక కొత్త పద్ధతి పెట్టుకుంది. సెలవు రోజుల్లో నేను ఇంట్లో ఉంటే, పోయే ముందు నా ముందుకొచ్చి తన గుడ్డ సంచి నోరు తెరిచి చూపిస్తుంది. అందులో తాళాలు, టిఫిను డబ్బా, గొడుగు. మొదటిసారి నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక వద్దని బతిమాలాను. కోపం లేకుండానే, "సుమ్మా, ఊరికే చూడండక్కా. చూస్తే ఇద్దరికీ మనసు నిమ్మదిగా ఉంటాది," అంది. నెలలు గడిచినా మానలేదు. వద్దు వద్దని నేను అంటూనే ఉంటాను. అంటూ ఉండగానే నా కన్ను ఆ సంచిలోకి ఒకసారి పోయి వస్తుంది. అది ఆమె చూస్తుంది. సంచి మూసి, భుజానికి తగిలించుకుని, వెళ్ళొస్తానక్కా అని చెప్పి మెట్లు దిగుతుంది.