మందు చీటీ వెనక వైపు

ప్రాణమున్న మందులో ఆ ప్రాణం తీసే మందు కలిపి, ఒకే ట్యాంకులో పోసి కొట్టమనే దుకాణదారును మీరేమంటారు? మా ఊళ్లో అనుభవజ్ఞుడంటారు.

పోయిన దాళ్వా పంటలో మా నాన్నగారు వరికి పురుగుమందు కొడుతూ గట్టు మీద కుప్పకూలారు. ఆ మందు మళ్లీ ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. ఆ తర్వాత ఏలూరులో జరిగిన కాలేజీ డిబేట్‌లో నేను రసాయనాలకు బదులు పురుగుమందుగా వాడే ఒక మట్టి బ్యాక్టీరియా పక్షాన వాదించాను. దాన్ని తిన్న గొంగళిపురుగు పేగులు పాడై చస్తుందనీ, కొట్టే మనిషికి రసాయనమంత ముప్పు ఉండదనీ, కాలువల వెంట కొల్లేరుకు విషం చేరదనీ చెప్పాను. మొదటి బహుమతి వచ్చింది. వెనక వరుసలో కూర్చుని విన్న నాన్నగారు బస్సులో, "అయితే ఈ సార్వా పంటకి అదే కొడదామమ్మా," అన్నారు.

ఉంగుటూరు దగ్గర మా చేనుకు ఆకుముడత పురుగు తగిలింది. దాంతోపాటే ఆకులు కొసల నుంచి ఎండే బ్యాక్టీరియా తెగులూ వచ్చింది. నాన్నగారు తాడేపల్లిగూడెం వెళ్లి పురుగుకు బ్యాక్టీరియా పొడి అడిగారు. దుకాణదారు అది ఇచ్చి, తెగులుకు యాంటీబయాటిక్ కూడా ఇచ్చి, కూలి కలిసొస్తుందని రెండూ కలిపి కొట్టమన్నారు. కొలతలు చీటీ మీద రాసిచ్చారు.

నాన్నగారు రాసింది రాసినట్టే చేశారు. వారమైనా పురుగు ఆగలేదు. నేను హాస్టల్ నుంచి వచ్చేసరికి ఆయన అటక మీది పాత రసాయనం డబ్బా దించుతున్నారు.

"నువ్వు గెలిచావు గానీ, నీ మందు ఓడిపోయిందమ్మా."

చీటీ తీసుకుని తిప్పి చూశాను. వెనక తెలుగులోనే అచ్చు వేసి ఉంది: యాంటీబయాటిక్‌లతో కలపరాదు, ఎండ తగలనీయరాదు, సాయంత్రమే పిచికారీ చేయాలి. పొడితో పాటు రైతు చేతికి రావలసిన సూచనల కాగితం అది. దాన్ని చింపి, దాని వీపు మీదే తప్పు రాసిచ్చారు.

మర్నాడు ఆ దుకాణానికి వెళ్లాను. పొడి పొట్లాలు గాజు తలుపు వెనక ఎండలో కాగుతున్నాయి.

"ఏవండీ, ఈ కాగితం మీరు చదివారా?"

"డిబేట్ అమ్మాయిగారా! రండి రండి. గెలిచిన కప్పు తెచ్చారా, చూద్దాం?"

"చదివారా, లేదా?"

"అవన్నీ చదువుతా కూర్చుంటే బేరమెప్పుడు చేస్తామండీ? అయినా మందన్నాక ఘాటుండాలండి. వాసన లేని మందుకి ఏ పురుగు భయపడుద్ది, మీరే చెప్పండి!"

కౌంటరు దగ్గరున్న రైతులంతా నవ్వారు. మోసపోతున్నవాళ్లే నవ్వడం నన్ను ఇప్పటికీ మండిస్తోంది. నా మీద కూడా కోపమే. వేదిక మీద అంతసేపు మాట్లాడానే, ఆ మందును ఎలా వాడాలో ఒక్క వాక్యమైనా చెప్పానా?

ఏలూరులో నీడన నిల్వ ఉంచిన పొట్లం వెతికి తెచ్చాను. నాన్నగారు ఒక్కసారికి ఒప్పుకున్నారు. ఈ సాయంత్రం ఇద్దరం కలిసి కొడుతున్నాం. పురుగు ఆగకపోతే ఆయన పాత డబ్బా మూత తీస్తారు. అప్పుడు ఆపడానికి నా దగ్గర వాదన ఉండదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఈసారి మందు కొన్నప్పుడు సూచనల కాగితం అడిగి తీసుకోండి. అది ఇవ్వకపోతే మందు అక్కడే వదిలేయండి. ఇస్తే, కౌంటరు ముందే నిలబడి, చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడేలా పైకి చదవండి.