కడగకుండా తినే పళ్లు

కత్తెర పెద్దయ్య అసలు పేరు చాలామంది మరిచిపోయారు. ద్రాక్షతీగను ఏ కణుపు దగ్గర కత్తిరిస్తే గుత్తి దిగుతుందో ఆయన చేతికి తెలుసు. తాత నాటిన తోట అది. తండ్రి పోయాక అన్నదమ్ములు చెరి సగం పంచుకున్నారు. మధ్య గోడ కట్టలేదు, సన్నటి కాలువ ఒకటే.

తమ్ముడు తన సగంలో మందులు మానేసి పశువుల ఎరువు, కుళ్లిన ఆకు వేయసాగాడు. మొదటి ఏడు బూజు తెగులు సగం పంటను మింగింది. పెద్దయ్య పైకి "అయ్యో" అన్నాడు గానీ, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మూడో ఏడు కథ తిరగబడింది. కోతకు వచ్చిన ఆడవాళ్లు పెద్దయ్య పళ్లను బకెట్టులో రెండుసార్లు కడిగి తినేవారు. కాలువ దాటితే తీగమీంచి తెంపి నోట్లో వేసుకునేవారు. ఆ బకెట్టు చూస్తేనే ఆయనకు ఒళ్లు మండేది. ఒకనాడు సొంత భార్యే గిన్నెడు అవతలి పళ్లు తెచ్చుకుంది.

"పొరుగింటి పుల్లకూర రుచని ఊరికే అన్నారా!"

"పొరుగిల్లేమిటండీ, మీ తమ్ముడేగా."

"నా పళ్లకేం రోగం?"

"రోగం లేదు. మందే ఉంది."

ఆ మాట ముల్లులా దిగింది.

కోత ముగిసి, కత్తిరింపులయ్యి, కొత్త ఆకు వచ్చింది. సేంద్రియ తోట అని కాగితం రాసిచ్చే అధికారి ఆ వారమే రావాలి. ఆకుకు కాస్త మందు తగిలినా తమ్ముడు మళ్లీ మూడేళ్లు ఆగాలి. పెద్దయ్యకు అది తెలుసు. పొద్దున్నే గాలి అటే వీస్తోందనీ తెలుసు. తెలిసే డ్రమ్ములో మందు కలిపాడు. "నా తోట, నా మందు. గాలేమన్నా నా పాలేరా?" అని గొణుక్కున్నాడు.

గొట్టం లాక్కుంటూ కాలువ గట్టుకు వచ్చేసరికి, నిన్న మరిచిపోయిన కత్తెర గుంజకు వేలాడుతోంది. నూనె రాసి, గుడ్డ చుట్టి ఉంది. ఏళ్లుగా మరిచిన ప్రతిసారీ అలాగే దొరికేది. భార్య పనే అనుకునేవాడు. ఇవాళ ఆ గుడ్డ తమ్ముడి పాత చొక్కా ముక్క. అవతల తమ్ముడు నూనె చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఒరేయ్, ఇది నువ్వా?"

"మంచుకు తుప్పు పడుతుందన్నయ్యా. నాన్న కత్తెర కదా."

నాన్న దాన్ని పెద్దవాడికే ఇచ్చాడు. చిన్నవాడికీ ఆశ ఉండే ఉంటుంది, ఏనాడూ అడగలేదు. ఇప్పుడూ డ్రమ్మును చూశాడు, ఊగే ఆకును చూశాడు, మళ్లీ తన తీగ మీదికి వంగాడు.

పెద్దయ్య గొట్టం చుట్టేశాడు.

"కాలువ పక్క నాలుగు వరుసలకు ఇక కొట్టనులే. మిగతావాటికి గాలి పడిపోయాకే. అవునుగానీ, నీ తీగలేమిట్రా? కత్తిరించావా, ఎలుకతో కొరికించావా?"

"నాకు చేతనైందంతే."

"జరుగు," అని పెద్దయ్య కత్తెర పట్టుకుని కాలువ దాటాడు.

కాగితం తమ్ముడికి వచ్చింది, మెప్పూ అతనికే దక్కింది. పెద్దయ్య కడుపుమంట పూర్తిగా ఆరిందంటే అబద్ధం. దేవుడు కాస్త నిప్పు ఉంచినట్టే ఉన్నాడు. మరుసటి ఏడు ఆ నాలుగు వరుసలూ కాశాయి. కోతపూట భార్య పండొకటి తెంపింది. ఆయన బకెట్టును కాలితో పక్కకు నెట్టాడు. ఆమె నవ్వి, అలాగే నోట్లో వేసుకుంది.

"ఎలా ఉంది?" అని దగ్గరగా వంగి అడిగాడు. "వాడి దానికంటే తియ్యగా ఉందా, లేదా?"