పది తెరల మీద గుండెకాయ

ములకలపల్లిలో మా బడి కంప్యూటర్ల గదిలో, నేను ఒక్కసారి పంపిన పాఠం పిల్లల పది తెరల మీదా కనిపించాలి. దాన్నే మల్టీకాస్ట్ అంటారు. మా పాత సాఫ్ట్‌వేర్ వారం నుంచి మొండికేస్తోంది. ఇవాళ పిల్లల ముందు తల పట్టుకుని కూర్చుంటే, గది ఊడ్చే వెంకటమ్మ అడిగింది.

"ఏంది సార్, అయితలేదా?"

"ఊళ్ల చాటింపేసినట్టు అందరికీ చేరాలె వెంకటమ్మా. ఒక్కరికీ చేరుతలేదు."

"డప్పు కొట్టేటాయన వేరే తొవ్వ వట్టిండేమో, సూడరాదుండ్రి!"

నవ్వుతూనే సెట్టింగులు తెరిచాను. నిజమే! సాఫ్ట్‌వేర్ పాఠాన్ని పిల్లల కంప్యూటర్లతో కలిపే నెట్‌వర్క్ కార్డుకు బదులు ఫోన్ లైను మోడెం వైపు పంపుతోంది. దారి మార్చగానే పది తెరల మీదా పాఠంలోని గుండెకాయ బొమ్మ ఒక్కసారే వెలిగింది. పిల్లలు బల్లలు చరిచారు. వెంకటమ్మ చీపురు పక్కనపెట్టి, చివరి కుర్చీలో కూర్చుని పాఠమంతా విన్నది.

మా ఇంజినీరు ఈమె. మీ దగ్గర ఎవరో చెప్పండి!