శ్రీశైలం కట్టించిన బ్రిడ్జి

కరోనాకు ముందటి ఏడాది, వానాకాలం మొదట్లో, నన్ను మేడ్చల్ దగ్గరి కోళ్ల దాణా ఫ్యాక్టరీకి సేఫ్టీ ఆఫీసర్‌గా వేశారు. అంతకు ముందు అదే కంపెనీ వాళ్ల శామీర్‌పేట గోదాముల్లో చేసేవాణ్ణి. ఇల్లు అల్వాల్‌లో కాబట్టి స్కూటర్ మీద వెళ్లిరావడానికి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది పెట్టింది శ్రీశైలం.

శ్రీశైలం ప్రొడక్షన్ ఇన్‌చార్జ్. వయసులో నాకంటే చాలా చిన్న. హోదాలో ఇద్దరం సమానం, ఇద్దరం ప్లాంట్ మేనేజర్‌కే జవాబు చెప్పుకోవాలి. కాని మెషిన్లు నడిపేదీ ఆపేదీ ఆయన మనుషులు. నా పని తనిఖీ చేయడం, చెప్పడం, రాసిపెట్టడం. కార్మికులు ఆయన్ను "అన్నా" అని పిలిచేవాళ్లు. నన్ను "సేఫ్టీ సార్" అనేవాళ్లు. నేను కనిపిస్తే హెల్మెట్ నెత్తికెక్కేది, నేను మూల తిరిగితే దిగేది. వాళ్లుండే గౌడవెల్లి ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా ఆయన్ను బొట్టు పెట్టి మరీ పిలిచేవాళ్లు. నాకు ఎదురుపడితే చెప్పేవాళ్లు. ఇవి చిన్న సంగతులే అనిపించవచ్చు. రోజూ పక్కన నిలబడి చూసేవాడికి అలా ఉండదు.

మా షెడ్డు మధ్యలో నడుము ఎత్తున ఒక పొడవాటి బెల్టు నడిచేది. మొక్కజొన్నను గోదాము నుంచి గ్రైండర్ దాకా మోసేది అదే. దానికి ఒక పక్క ప్యాకింగ్, ఇంకో పక్క క్యాంటీన్, మంచినీళ్లు. చుట్టూ తిరిగి వెళ్లాలంటే దూరం కాబట్టి, జనం నడుస్తున్న బెల్టునే ఎక్కి దాటేవాళ్లు. అక్కడ పడిపోవడం ఒక ప్రమాదమైతే, దాన్ని మించింది బెల్టు రోలర్ మీదికి ఎక్కే మూల. అక్కడ బట్టో వేలో చిక్కిందంటే, వెనక్కి లాక్కోవాలన్న ఆలోచన వచ్చేలోపే మనిషిని లోపలికి లాగేసుకుంటుంది. అందుకే బెల్టు పొడుగునా పక్కన ఒక తాడు కడతారు. ఎక్కడ పట్టి గుంజినా మోటారు ఆగిపోవాలి.

బెల్టు మీదుగా మెట్లున్న ఇనుప బ్రిడ్జి ఒకటి కావాలని నేను వచ్చిన కొత్తలోనే అడిగాను. మళ్లీ అడిగాను. మేనేజర్ గారు చూద్దామన్నారు. ఆ తర్వాత ఒక రోజు టీ తాగుతూ శ్రీశైలం ఆయనతో అదే మాటన్నాడు. వారం తిరక్కుండా ఇనుము దిగింది. ఆ నెల మీటింగులో మేనేజర్ గారు, శ్రీశైలం మంచి ఆలోచన చేశాడని మెచ్చుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

బ్రిడ్జికి పచ్చరంగు వేశారు. శ్రీశైలం అందరినీ పిలిచి, ఇక మీద బెల్టు ఎక్కి దాటొద్దని ఒక్క మాట చెప్పాడంతే, మరుసటి రోజు నుంచి ఒక్కరూ దాటలేదు. నేను బోర్డులు పెట్టించి, క్లాసులు చెప్పి, గొంతు చించుకున్నా జరగని పని అది. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

అప్పటి నుంచి ఆ బ్రిడ్జిలో తప్పు వెతకడం మొదలుపెట్టాను. ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుందని నా నమ్మకం. ఉండాలని నా కోరిక. టీ గ్లాసు పట్టుకుని వెళ్లి దాని కిందా పైనా చూసేవాణ్ణి. శ్రీశైలం దూరం నుంచి గమనించేవాడు.

చివరికి దొరికాయి. పైనున్న గొట్టం నుంచి చెదిరిన మొక్కజొన్న గింజలు దిగే మెట్ల మీద పడుతున్నాయి. ఇనుప రేకు మీద గింజలుంటే చెప్పు కింద గోళీల్లా దొర్లుతాయి. చేత్తో పట్టుకునే పైకడ్డీ ఉంది కాని నడుమ కడ్డీ లేదు, అడుగున అడ్డపట్టీ లేదు. జారిన మనిషి ఆ సందులోంచి నేరుగా బెల్టు మీద పడతాడు. అన్నిటికంటే ఘోరం తాడు సంగతి. బ్రిడ్జి కాళ్లు పాతేటప్పుడు తాడును తెంపి అటొక కొస, ఇటొక కొస కట్టేశారు. సరిగ్గా మనిషి పడే చోట గుంజడానికి తాడే లేదు.

మీటింగులో ఇవన్నీ చెప్పాను. చెబుతుంటే నా గొంతులో సంతోషం నాకే వినిపించింది. మేనేజర్ గారికీ వినిపించినట్టుంది, శ్రీశైలం ఏం చేసినా మీకు నచ్చదు కదా అని నవ్వారు. శ్రీశైలం మొహం కందిపోయింది. కడ్డీలు వెల్డింగ్ చేయాలంటే బెల్టు ఆపాలి, ఆర్డర్లు తగ్గాక చూద్దామన్నాడు.

తాడు మాత్రం వాళ్లు వాయిదా వేయగలిగింది కాదు. ఆపే పరికరాలు సేఫ్టీ ఆఫీసర్ కిందికి వస్తాయి. ఆదివారం బెల్టు ఆగినప్పుడు మెయిన్ స్విచ్‌కు నా తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, ఫిట్టర్‌తో బ్రిడ్జి కింద కొత్త తాడు కట్టించాను. తర్వాత తాళం తీసి, బెల్టు నడిపించి, గుంజి చూశాను. ఆగింది. మెట్లు ఊడవమని మనిషిని పెట్టాను కాని గింజలు ఊడ్చిన వెంటనే మళ్లీ పడేవి.

కొద్ది రోజులకు, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ప్యాకింగ్‌లో పనిచేసే భాగ్యమ్మ అన్నం తిని తిరిగి వస్తూ ఆ మెట్ల మీద జారింది. తడిచెప్పులు, కింద గింజలు. పైకడ్డీ చేతికి అందలేదు. సందులోంచి జారి బెల్టు మీద పక్కకు పడింది. బెల్టు ఆమెను రోలర్ వైపు తీసుకుపోసాగింది. శ్రీశైలం ఆ పక్కనే నడుస్తున్నాడు. కేక విని చెయ్యి చాపి తాడు గుంజాడు.

నేను పరుగెత్తుకొచ్చేసరికి బెల్టు ఆగి ఉంది. ఆమె కొంగు రోలర్‌లోకి పోయి మెడ దగ్గర బిగుసుకుని ఉంది. ముందు స్విచ్‌కు తాళం వేశాను, ఆ తర్వాతే కొంగు కోయించాను. చెయ్యి విరిగింది, ప్రాణానికి ఏమీ కాలేదు. అంబులెన్స్ ఎక్కిస్తుంటే ఆమె నాతో అంది:

"శ్రీశైలమన్న తాడు గుంజకుంటే నేను పోయేదాన్నే సారూ."

నిజమే. ఆ తాడు అక్కడికి ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అయినా అంబులెన్స్ తలుపు దగ్గర నిలబడి కూడా నాకు కుళ్లు పుట్టింది. మూడో రోజు మేనేజర్ గారు శ్రీశైలానికి శాలువా కప్పారు. తాడు గురించి ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం శ్రీశైలం నా గదికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, తాడు మీరు కట్టిపియ్యకపోతే నా చేతికి ఏం దొరుకుతుండె? నేను గా బ్రిడ్జి దినాం చూసిన. నాకు తప్పు కనవడలె. మీకెట్ల కనవడ్డది?"

అబద్ధం చెప్పవచ్చు. అనుభవం అనవచ్చు. ఎందుకో ఆ అబద్ధం చెప్పాలనిపించలేదు.

"నువ్వంటే నాకు పడదు శ్రీశైలం. అందుకే వెతికిన."

ఆయన నవ్వలేదు.

"అయితే ఇగ నేనేం పెట్టినా ముందుగాల మీరే చూడున్రి. గిట్లనే చూడున్రి" అని వెళ్లిపోయాడు.

మరుసటి పొద్దున ఆర్డర్లున్నా సరే బెల్టు ఆపించాడు. నడుమ కడ్డీ, అడ్డపట్టీ వేయించి, గింజలు చెదరకుండా గొట్టానికి మూత బిగించాడు. ఏదైనా కట్టిన విభాగమే బాగుందని సంతకం పెడితే చెల్లదని, పక్క విభాగం వాళ్లు పరీక్షించాకే వాడాలని మేనేజర్ గారిని ఒప్పించింది కూడా ఆయనే. సహజంగానే నా పనులు ఆయన తనిఖీకి వెళ్లాయి. నేను పెట్టించిన సైరన్ గ్రైండర్ గదిలో వినబడటం లేదని కనిపెట్టిన రోజు ఆయన మొహంలో వెలుగు చూడాల్సింది. నాకు మండింది. సైరన్‌తో పాటు ఎర్రదీపం పెట్టించాను.

భాగ్యమ్మ కట్టు విప్పాక పనిలోకి వచ్చింది. నేను రిటైరయ్యేదాకా శ్రీశైలంతో నాకు స్నేహం కుదరలేదు, అసూయా తగ్గలేదు. అక్కడ నేను నేర్చుకున్నది పనికి సంబంధించినదే. బెల్టు దగ్గర రక్షణ కోసం ఏది పెట్టినా, దాన్ని కట్టినవాడి కళ్లతో పరీక్షించకూడదు. అది బాగుండకూడదని కోరుకునేవాణ్ణి ఒకణ్ణి పంపి చూపించాలి. వాడికి కూడా ఏమీ దొరక్కపోతే, అప్పుడు మనుషుల్ని దాని మీద నడవనివ్వవచ్చు.