సల్ఫైటు ఏ చేత్తో పట్టుకుంటుంది

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డులో చెప్పుల దుకాణం పైన, మూడో అంతస్తులో, నేను పదేళ్ల పాటు కెమిస్ట్రీ చెప్పాను. ఆ పదేళ్లలో ఆ భవనంలోకి ఒక్క టెస్ట్‌ట్యూబు కూడా రాలేదు. ల్యాబ్ అని బోర్డున్న గదిలో జిరాక్స్ మిషన్ ఉండేది. మా రసాయన చర్యలన్నీ అందులోనే జరిగేవి. ఒక కాగితం పెడితే నాలుగు వందల కాగితాలు వచ్చేవి.

డిగ్రీ పిల్లలను ఎమ్మెస్సీ ఎంట్రన్సుకు తయారుచేసే కోచింగ్ సెంటరు అది. మా పవిత్ర గ్రంథం పేరు 'మెటీరియల్', ఏ పేజీ ఏ మాస్టారు ఎప్పుడు రాసిచ్చాడో పేరు లేకుండా కుట్టిన నోట్సు. పరీక్ష అయిన మర్నాడు జవాబుల 'కీ'ని మెట్ల పక్క గోడకు అంటించేవారు. ఒకసారి అంటించాక అది మారగా నేను చూడలేదు. ధర్మశాస్త్రాల్లో రాసి ఉన్నంత మాత్రాన నిజమైపోదని వేదికలెక్కి వాదించే నేను, నెలనెలా జీతం తీసుకుంటూ ఆ గోడ పక్కనుంచే మెట్లెక్కి వెళ్లేవాణ్ణి. గోడతో ఎప్పుడూ వాదించలేదు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఊరేగింపు బయలుదేరిందని ఫోను రాగానే వాచ్‌మన్ కింద షట్టరు సగం దించేవాడు. దించిన సగం బంద్‌కు మద్దతు, మిగిలిన సగం పాఠాలకు దారి. మా డైరెక్టరు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినాయన. ఇరుపక్షాలనూ ఒకే షట్టరుతో సంతోషపెట్టిన రాజనీతిజ్ఞుణ్ణి నేను మరొకరిని చూడలేదు.

ఆ ఏడాది ఆయన ప్రత్యేక బ్యాచ్ పెట్టాడు. మా దగ్గర చదివే పిల్లలకే పెట్టిన స్క్రీనింగ్ టెస్టులో మొదటి ఇరవై మందికి కోచింగూ హాస్టలూ ఉచితం. పోచంపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఒక్క మార్కు తేడాతో ఇరవై ఒకటో స్థానంలో ఆగిపోయింది. వాళ్ల నాన్నది మగ్గం పని. ఆ ఉచిత సీటు రాకపోతే చదువు మాన్పించి కొత్తపేటలో చిన్నాన్న చీరల దుకాణంలో కూర్చోబెడతామని ఇంట్లో ముందే తేల్చి చెప్పారు.

ఆ అమ్మాయి మెటీరియల్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"సార్, కోబాల్టు ఉప్పుల సల్ఫైటు దేంతోని పట్టుకుంటదని అడిగిండ్రు. నేను సల్ఫర్ అని పెట్టిన. కీల ఆక్సిజన్ అని ఉన్నది."

కోబాల్టు లాంటి లోహ పరమాణువు మధ్యలో ఉంటే దాన్ని చుట్టూ పట్టుకుని ఉండేవాటిని లైగాండ్లంటాం. అమోనియాకు పట్టుకునే చెయ్యి ఒకటే, నైట్రోజన్. సల్ఫైటు అలా కాదు. దానికి సల్ఫరూ ఉంది, ఆక్సిజన్లూ ఉన్నాయి. ఎటునుంచైనా పట్టుకోగలదు. ఆ ఉప్పులో ఎటునుంచి పట్టుకుందన్నదే ప్రశ్న.

"మెటీరియల్‌లో ఏముంది?" అన్నాను. హేతువాదిని కదా, ముందు గ్రంథ ప్రమాణమే అడిగాను.

"ముప్పై ఎనిమిదో పేజీల, ఋణావేశం ఆక్సిజన్ల మీద ఉంటది గాబట్టి ఆక్సిజనే పట్టుకుంటదని ఉన్నది. నలభై ఒకటో పేజీల, సల్ఫైటు తన ఎదురుంగ ఉన్న అమోనియాను వదులు జేస్తదని ఉన్నది. సల్ఫర్ గట్టిగ పట్టుకుంటేనే గద సార్ ఎదురుది వదులయ్యేది? ఆక్సిజన్‌తోని గట్ల ఎట్లయితది? రెండు పేజీలల్ల ఏదో ఒకటి అబద్ధం."

పదేళ్లుగా ఆ మెటీరియల్‌ను అందరూ బట్టీ పట్టారు. రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చదివింది ఈమె ఒక్కతే. ఇంటికి వెళ్లి నా పాత పుస్తకం తీసి చూశాను. సల్ఫరే.

మర్నాడు స్టాఫ్‌రూములో ఈ మాట చెప్పగానే మా ఫిజిక్స్ సారు కుర్చీలోంచి లేచాడు.

"నేను చెప్పలే అన్నా? ఆంధ్రోళ్ల మేనేజ్‌మెంటు, ఆంధ్రోళ్ల కీ! మన పోచంపల్లి పిల్లకు అన్యాయం జేసిండ్రు. నడువు, అడుగుదాం."

"ఆక్సిజన్‌ది ఏ జిల్లా తమ్ముడూ?"

"నీకు అన్నిట్ల ఎటకారమే."

ఎటకారం ఆడాను గానీ, నాకూ లోపల వేడెక్కింది. రాష్ట్రం రావాలని కోరుకున్నవాణ్ణే. ఇద్దరం డైరెక్టరు గదికి నడిచాం.

"ఏంటి మాస్టారూ ఇది? కీ అంటించేశాం కదండీ," అన్నాడాయన. "ఇప్పుడు మారిస్తే ఆక్సిజన్ పెట్టినోళ్లంతా నా మీదకొస్తారు. అసలే బయట ఎలా ఉందో చూస్తున్నారుగా."

"తప్పు తప్పేనండీ."

"మన రూలు మీకు తెలుసుగా. పేజీ రాసినాయన క్లాసులో నిలబడి తప్పని ఒప్పుకుంటేనే కీ మారుద్ది. ఎవరు రాశారో చూద్దాం ఉండండి."

బీరువాలోంచి చేతిరాత ప్రతుల ఫైలు తీశాడు. ఆంధ్ర చేతిరాతను కళ్లారా చూద్దామని ఫిజిక్స్ సారు నా భుజం మీదుగా వంగాడు. ముప్పై ఎనిమిదో పేజీ. ఆకుపచ్చ సిరా. ఆ భవనంలో ఆకుపచ్చ సిరాతో రాసేవాడు ఒక్కడే. ఆ పెన్ను అప్పటికీ నా జేబులోనే ఉంది.

"అన్నా, నాకు క్లాసున్నది," అని ఫిజిక్స్ సారు వెళ్లిపోయాడు.

డైరెక్టరు ఫైలు మూశాడు. "పోనీలెండి మాస్టారూ. మన ముగ్గురికే తెలుసు. ఆ పిల్ల వచ్చే ఏడాది రాసుకుంటుంది."

నేను వెంటనే కాదనలేదు. బయటికి వచ్చి, వరండాలో ఎదురుచూస్తున్న ఆ అమ్మాయితో ఇలా మొదలుపెట్టాను. "చూడమ్మా, నీళ్లలో కొన్నిసార్లు సల్ఫైటు మొదట ఆక్సిజన్‌తోనే పట్టుకుంటుంది. ఆ తర్వాత సల్ఫర్‌కు మారుతుంది. కాబట్టి ఆ పేజీ పూర్తిగా తప్పని అనలేం."

అందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. వేదికల మీద నాతో వాదించి ఓడిన పండితులు కూడా సరిగ్గా ఇలాగే మాట్లాడేవారు. ఆ శ్లోకానికి సందర్భం వేరు నాయనా, అనేవారు. అప్పుడు నేను నవ్వేవాణ్ణి.

ఆ అమ్మాయి నవ్వలేదు. "ప్రశ్నల నీళ్లు లెవ్వు సార్. సీసాల ఉన్న ఉప్పు గురించే అడిగిండ్రు. ఆ పేజీ ఎవరు రాసిండ్రు సార్?"

"నేనే."

"గట్లయితే మీరే చెప్పుండ్రి సార్. నాకు దుకాణంల కూసోవాల్నని లేదు."

ఆ మధ్యాహ్నం షట్టరు సగం దిగి ఉంది. రోడ్డు మీద నినాదాలు. నేను క్లాసులో నిలబడి, ఆ పేజీ నేనే రాశాననీ, తప్పు రాశాననీ, సరైన జవాబు సల్ఫర్ అనీ చెప్పాను.

"అంటే సార్, మాకు మార్కు పోతదా?" అని ముందు బెంచీ అడిగింది.

"పోతుంది."

ఆ తర్వాత లేచిన గోలకు రోడ్డు మీద ఊరేగింపు కూడా చిన్నబోయింది. సాయంత్రానికి డైరెక్టరు గోడ మీది కీలో ఆ ఒక్క వరుస మీద తెల్లకాగితం అంటించి సల్ఫర్ అని రాయించాడు. పోచంపల్లి అమ్మాయి ఇరవయ్యో స్థానంలోకి వచ్చింది.

ఇరవయ్యో స్థానంలోంచి ఒకరు దిగిపోయారు. తుర్కయంజాల్ నుంచి వచ్చే ఆమె. పెళ్లై, బిడ్డ పుట్టాక మళ్లీ చదువు మొదలుపెట్టిన మనిషి. ఇరవై ఒకటో కుర్చీ వేయమని డైరెక్టరును బతిమాలాను. ఇరవై అని ఫ్లెక్సీ కొట్టించేశాం మాస్టారూ, అన్నాడు.

ఆమె మెట్ల దగ్గర నన్ను ఆపింది. కోపంగా లేదు. అదే కష్టంగా అనిపించింది.

"మీరు రాసిందే నమ్మిన సార్."

"దేన్నీ గుడ్డిగా నమ్మొద్దని కూడా నేనే చెప్పాను కదమ్మా," అన్నాను, ఇంకేం అనాలో తెలియక.

"చెప్పిండ్రు సార్. కానీ గా మాట మెటీరియల్ల లేకుండె. ఇంపార్టెంట్ కాదనుకున్న," అంది.