సోలార్ పలకకు తొడిగిన చొక్కా

ఆ వీధిలో ఆయనను తొడుగుల మాస్టారు అంటారు. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా అయితే ఉత్త మాస్టారే. చేసేది దర్జీపని. చొక్కాలూ, ప్యాంట్లూ, బడిపిల్లల యూనిఫారాలూ కుట్టగా మిగిలిన ముక్క ఏదీ పారెయ్యడు. దాంతో ఇంట్లో ఏదో ఒక వస్తువుకు తొడుగు కుట్టేస్తాడు. మిక్సీకి తొడుగు, టీవీకి తొడుగు, టీవీ రిమోటుకు తొడుగు, ఆఖరికి గొడుగుకు కూడా తొడుగు. వాన వచ్చినప్పుడు ఆ తొడుగు విప్పేలోగా మనిషి తడిసిపోతాడు, అది వేరే సంగతి.

నవ్వొస్తుంది గాని దానికీ ఓ కారణం ఉంది. పని నేర్పిన గురువు మొదటిరోజే ఆయనకు రెండు మాటలు చెప్పాడు. గుడ్డకు ఎండ తగలనివ్వకు, కత్తెర ఎవరి చేతికీ ఇవ్వకు. రంగు వెలిసిన గుడ్డకు జవాబు చెప్పుకోవాల్సింది దర్జీయే. కాగితం కోసిన కత్తెర మళ్ళీ గుడ్డ మీద సరిగ్గా నడవదు. ఈ రెండు మాటలూ ఆయన ఒంటబట్టించుకున్నాడు. కొట్టు ముందు పరదా, కిటికీకి పరదా. కత్తెరైతే స్వయానా అక్క అడిగినా ఇవ్వడు.

అక్క ఆయనకంటే చాలా పెద్దది. తల్లి పోయాక ఎత్తుకుని పెంచింది ఆమే. పెళ్లి మాట ఎత్తితే "వీణ్ణి ఎవరికి అప్పజెప్పి పోను?" అనేది. అలా ఇద్దరూ ఒకరికొకరు మిగిలిపోయారు. ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు, దాని వెనక చిన్న పెరడు. అక్కకు ఉబ్బసం. ఊపిరి అందనప్పుడు మందును పొగలా చేసి పీల్పించే నెబ్యులైజర్ ఆమె కుర్చీ పక్కనే ఉంటుంది. దానికీ గళ్లగుడ్డ తొడుగు ఉందని వేరే చెప్పాలా? అది కరెంటు మీద నడుస్తుంది. వచ్చిన చిక్కల్లా అదే.

ఆ వేసవిలో కరెంటు చెప్పాపెట్టకుండా పోవడం మొదలైంది. ఒక మధ్యాహ్నం అక్క మాస్కు పెట్టుకుని పీలుస్తుండగానే మిషను ఆగిపోయింది. మళ్ళీ కరెంటు వచ్చేదాకా ఆమె పడిన అవస్థ పగవాడికి కూడా వద్దు. మర్నాడే మాస్టారు వెళ్లి సోలార్ జనరేటర్ కొనుక్కొచ్చాడు. పేరు పెద్దదే గాని వస్తువు చిన్నది. పిడి ఉన్న పెట్టె ఒకటి, పుస్తకంలా మడిచే నల్ల పలక ఒకటి, రెంటినీ కలిపే తీగ ఒకటి.

"పలకను ఎండలో పెట్టండి, పెట్టెను నీడలో ఉంచండి. పెట్టె తెర మీద ఏదో ఒక అంకె కనిపిస్తే ఛార్జింగ్ ఎక్కుతున్నట్టే," అన్నాడు షాపతను.

"ఎంత కనిపించాలి బాబూ?"

"అది ఎండను బట్టి ఉంటుందండీ."

గోడ ప్లగ్గు నుంచి నింపుకునే తీగ విడిగా కొనుక్కోవాలట. ఎండ ఊరికే దొరుకుతుంటే అదెందుకని మాస్టారు వద్దన్నాడు. తెలివితేటలు మరి.

ఇంటికి తెచ్చి పలకను పెరట్లో వాల్చాడు. కాసేపాగి చెయ్యేస్తే చురుక్కుమని కాలింది.

"అక్కా, ఇది మాడిపోతోంది."

"ఎండలో పెడితే కాలక చల్లగా ఉంటుందా?"

"రంగు వెలిసిపోతేనో?"

"నలుపు వెలిస్తే ఏమవుతుందిరా, మహా అయితే బూడిదరంగవుతుంది."

ఆయన వింటేగా. టేపు తెచ్చి పలకకు కొలతలు తీశాడు. సాయంత్రానికల్లా తొడుగు తయారైంది. తెల్లటి గుడ్డ, లోపల లైనింగు, అంచుల వెంట నీలం పైపింగు, నాలుగు మూలలా కట్టుతాళ్లు. మర్నాడు ఆ చొక్కా తొడిగి పలకను ఎండలో నిలబెట్టి, తెర చూశాడు. ఏడు అని కనబడింది. ఏదో ఒక అంకె ఉంది కదా, ఎక్కుతున్నట్టే. పరదా వేసినా గదిలోకి వెలుతురు రావడం లేదూ? ఇదీ అంతే అనుకున్నాడు.

కొన్నప్పుడు నిండుగా ఉన్న పెట్టె, వాడుతున్న కొద్దీ దిగిపోతూ వచ్చింది. దిగడం బాగానే దిగుతోంది గాని, రోజంతా ఎండలో పెట్టినా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. మాస్టారికి తల తిరిగిపోయింది. పలకను తూర్పుకు తిప్పాడు, పడమరకు తిప్పాడు. దుమ్ము పట్టిందేమోనని తొడుగును బ్రష్షుతో దులిపాడు. తీగను అంగుళం అంగుళం తడిమి చూశాడు. చివరికి అక్క మీద పడ్డాడు.

"నువ్వేమన్నా దీనికి నీ రేడియో తగిలిస్తున్నావా?"

"నా రేడియో బ్యాటరీలతో నడుస్తుందిరా. నీ బుర్రకే ఏదన్నా తగిలించాలి."

ఒకరోజు పొద్దున తొడుగు మీద కాకి రెట్ట వేసింది. మాస్టారు యూనిఫారాలు ఇచ్చి రావడానికి బడికి వెళ్లాక అక్క దాన్ని విప్పి, ఉతికి, తాడు మీద ఆరేసింది. సాయంత్రం మళ్ళీ కట్టేసింది. మాస్టారు వచ్చి చూస్తే పెట్టె సగానికి పైగా నిండి ఉంది. ప్రాణం లేచొచ్చింది. ఎందుకు నిండిందని వెతికితే ఆరోజు పలక నీళ్లడ్రమ్ము వైపు తిరిగి ఉందని తేలింది. అంతే, ఆనాటి నుంచి పలక ముఖం డ్రమ్ము వైపే. మళ్ళీ తెర మీద అదే ఏడు.

లాభం లేదని షాపుకు మోసుకెళ్లాడు. దారిలో తొడుగు దుమ్ముకొట్టుకుపోతుందని దాన్ని విప్పి ఇంట్లోనే భద్రంగా పెట్టి మరీ వెళ్లాడు. షాపతను పలకను గుమ్మం ముందు ఎండలో పెట్టగానే తెర మీద డెబ్భై దాటింది.

"భేషుగ్గా ఉంది కదండీ. దీనికేం రోగం?"

ఇంటికొచ్చి చొక్కా తొడిగాడు. ఏడు. మాస్టారు మెట్టు మీద కూలబడ్డాడు.

"అక్కా, వాళ్ల వీధి ఎండ వేరు, మన వీధి ఎండ వేరా?"

"సూర్యుడికి కూడా వీధులుంటాయా? ఏంటోరా, నాకూ పాలుపోవడం లేదు," అంది అక్క. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే, కాకపోతే ఇక్కడ వెతికేవాళ్లు ఇద్దరు.

తర్వాత కొద్దిరోజులకే ఎక్కడో తీగ తెగి, పొద్దుటి నుంచి వీధి మొత్తానికి కరెంటు లేదు. మిట్టమధ్యాహ్నం అక్కకు ఆయాసం మొదలైంది. మాస్టారు కుట్టుమిషను మీంచి లేచి పరుగెత్తి మాస్కు పెట్టి, పెట్టె మీట నొక్కాడు. నెబ్యులైజర్ గుర్రుమంది. అక్క నాలుగు గుక్కలు పీల్చిందో లేదో, పెట్టె కీచుమని అరిచి చల్లారిపోయింది.

అక్క ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. మాట రావడం లేదు. చెయ్యెత్తి పెరటివైపు చూపించి, రెండు చేతులతో ఏదో లాగుతున్నట్టు సైగ చేసింది. మాస్టారు వెళ్లి దుప్పటి తెచ్చి ఆమెకు కప్పాడు. ఆమె దాన్ని విసిరికొట్టింది. మళ్ళీ పెరటివైపే వేలు, మళ్ళీ అదే సైగ. తొడుగు వదులైందని చెబుతోంది కాబోలనుకుని, ఆయన పరుగున వెళ్లి నాలుగు తాళ్లూ బిగించి వచ్చాడు.

అక్క ఒక్కసారి కళ్లు మూసుకుంది. తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. గోడ పట్టుకుంటూ ముందుగదిలోకి వెళ్లి, బల్ల మీది పెద్ద కత్తెర తీసుకుంది.

"అక్కా, కత్తెర," అన్నాడు మాస్టారు. మనిషి ఊపిరి పోతుంటే ఈయన నోట వచ్చిన మాట అది. తర్వాత ఎన్నాళ్లో తలుచుకుని సిగ్గుపడ్డాడు.

ఆమె పట్టించుకోలేదు. పెరట్లోకి వెళ్లి, కట్టుతాళ్లు ఒక్కొక్కటే కత్తిరించి, చొక్కాను లాగి అవతల పారేసి, అక్కడే నేల మీద చతికిలబడింది.

మాస్టారు తెర చూశాడు. ఏడు పోయి డెబ్భై ఆరు వచ్చింది. ఆయన తెరను చూశాడు, కింద పడి ఉన్న తొడుగును చూశాడు, మళ్ళీ తెరను చూశాడు. అప్పుడు అర్థమైంది. పెట్టెనూ నెబ్యులైజర్‌నూ పెరట్లోకే తెచ్చి, అక్కను ఒళ్లో ఆనించుకుని, వీపు రాస్తూ కూర్చున్నాడు. "ఎక్కు తల్లీ, ఎక్కు," అని పెట్టెను బతిమాలాడు. రెండు శాతం ఎక్కింది. మూడెక్కింది. ఇక ఆగలేక మీట నొక్కాడు. నెబ్యులైజర్ గుర్రుమంది. ఈసారి ఆగలేదు. మాస్కులో పొగ నిండింది, అక్క భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

మాస్టారు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ముందే చెప్పొచ్చు కదక్కా."

ఆమె మాస్కు కాస్త పక్కకు జరిపింది. "ఇందాక ఆ ఆరేసే తాడు చూశాకే తట్టింది. కాకి రెట్ట వేసిన రోజు తొడుగు విప్పి ఉతికి దాని మీదే ఆరేశాను కదా. చెబుదామంటే ఊపిరేదిరా?"

గోడకు పెట్టే తీగ మర్నాడే కొన్నాడు. పెట్టెకు తొడుగు కుట్టడం మానలేదు గాని, పలక జోలికి మాత్రం పోలేదు. గుడ్డలు కోయడానికి కొత్త కత్తెర తెచ్చుకున్నాడు. పాతది అక్క కుర్చీ పక్కన మేకుకు వేలాడుతుంటుంది. ఆమె దాంతో మాత్రల అట్టలు కోస్తుంది, పాలప్యాకెట్లు కోస్తుంది, పాత పేపర్లు కోసి అలమర అరల్లో పరుస్తుంది. కాగితం కోసే చప్పుడు వినబడినప్పుడల్లా మాస్టారి చెయ్యి మిషను చక్రం మీద ఆగుతుంది. తలుపులోంచి తొంగి అక్కను చూసి, మళ్ళీ కుట్టుకుంటాడు.